ముఖచిత్రం మీద అంకె

మద్దిపాడు దాటి గుండ్లకమ్మ వైపు వెళ్లే దారిలో ఒక పల్లె. వేసవి శనివారం, పొద్దున ఎనిమిదిన్నర. వేపచెట్టు నీడ పడుతున్న వరండాలో మడతమంచం మీద కాగితాలు పరిచి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా ఒకదాని మీద నీళ్లచెంబు, ఇంకోదాని మీద కళ్లజోడు పెట్టె. ఊరి క్రైస్తవ సంఘం వార్షికోత్సవానికి వేస్తున్న ప్రత్యేక సంచిక చిత్తుప్రతి అది.

తెచ్చినవాడు మేనల్లుడు. ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం, ఊళ్లో సంఘ కమిటీ కార్యదర్శి. దిద్దుతున్నది మేనత్త. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరైనా, ఊరందరికీ ఆమె ఇప్పటికీ టీచరమ్మే. అచ్చుతప్పులు చూసిపెట్టమని అడిగితే పెన్ను మూత తీసింది గానీ, మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. ముఖచిత్రం నిండా నది. నది మీద బంగారు రంగులో పెద్ద అంకె: 2,222. దాని కింద రాబోయే ఐదేళ్లకు కమిటీ పెట్టుకున్న లక్ష్యాలు: రెండంతస్తుల కొత్త మందిరం, గంట గోపురం, రెట్టింపు సభ్యత్వం.

“తప్పులేమైనా ఉన్నాయా అత్తా?”

“అంకెలో తప్పు లేదురా. 1878 జూలై 3, వెల్లంపల్లి దగ్గర, 2,222 మందికి బాప్తిస్మం. నిజమే. దాన్ని పెట్టిన చోటే నాకు నచ్చలేదు.”

“చోటుకేమైంది? మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో అంతకన్నా పెద్ద రోజు ఇంకేముంది? 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. పదకొండేళ్లు తిరిగేసరికి ఒక్కరోజులో రెండు వేల పైచిలుకు. ఆ ఏడాది జూన్ 15 నుంచి సెప్టెంబరు 17 దాకా లెక్క చూస్తే 9,606. ఇది చెప్పుకోకపోతే ఇంకేం చెప్పుకుంటాం? పెంతెకొస్తు నాడు సుమారు మూడు వేల మంది చేరారని లూకా కూడా లెక్క రాశాడుగా!”

“లూకా లెక్క రాసింది జరిగిపోయాక. మీరు రాస్తున్నది జరగకముందు. జరిగినదాన్ని లెక్కపెట్టుకుంటే దేవునికి కృతజ్ఞత చెప్పినట్టు. ఇంకా రాని మనుషుల్ని ముందే లెక్కగట్టి అచ్చువేస్తే, రేపటినుంచి ఆ లెక్క నిండడానికి మనుషుల్ని వెతుక్కోవాలి.”

మేనల్లుడు నవ్వలేదు. ఈ మాట అతనికి గుచ్చుకుంది. బ్యాంకులో డిపాజిట్ల టార్గెట్లు మార్చి నెలలో మనిషిని ఎలా పరుగులు పెట్టిస్తాయో అతనికి బాగా తెలుసు. అయినా ఆ టార్గెట్లు లేకపోతే ఏ పనీ కదలదని కూడా అంతే తెలుసు. “టార్గెట్ పెట్టుకోని సంఘాలు మన చుట్టూ ఎన్ని లేవు? పదేళ్ల క్రితం ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. కూడికకు వచ్చే పాతిక మందీ ముసలివాళ్లే. గురి లేదనే కదా ఆ దుస్థితి!” అన్నాడు.

“గురి అన్నావు చూడు, ఆ మాట నీ కాగితంలో ఎక్కడా లేదు. లక్ష్యం అని ఉంది,” అంది టీచరమ్మ.

ఆమె పాఠం చెప్పే గొంతులోకి వెళ్లింది. ఫిలిప్పీలోని విశ్వాసులకు పౌలు ఉత్తరం రాసింది చెరసాల నుంచి. మూడో అధ్యాయంలో పరుగు పందెం పోలిక తెచ్చాడు. గ్రీకులో ఆయన వాడిన మాట స్కోపోస్. పరుగెత్తేవాడు కన్ను నిలిపే గుర్తు అని దాని అర్థం. మన తెలుగు బైబిల్లో అక్కడ గురి అని వేశారు. తెలుగులో ఆ మాటకు బాణం వేసే గురి ఒక్కటే అర్థం కాదు. ఫలానా వైద్యుడి మీద మాకు గురి అంటాం. ఆయన మీద గురి కుదిరింది అంటాం. అంటే నమ్మకం. చూపూ నమ్మకమూ ఒకే మాటలో ఇమిడిన భాష మనది.

“ఆ అధ్యాయం మొదటి సగం చదువు. తన పుట్టుక, గోత్రం, చదువు, ధర్మశాస్త్ర నిష్ఠ అన్నీ వరసగా చెప్పి, క్రీస్తును ఎరగడం ముందు అవన్నీ నష్టమే అంటాడు. ఆ తర్వాతే పరుగు మాట ఎత్తాడు. ఎన్ని ఊళ్లలో ఎన్ని సంఘాలు పెట్టాడో చెప్పుకోవాలంటే పౌలు దగ్గర మనకన్నా పెద్ద జాబితా ఉంది. గురి గురించి చెప్పేటప్పుడు ఆ జాబితా బయటికి తియ్యలేదు. తాను ఇంకా చేరుకోలేదనే చెప్పాడు.”

“పౌలు ఒంటరివాడు అత్తా. మాకు మూడొందల కుటుంబాల బాధ్యత ఉంది.”

“మీ తాత నాగలి పట్టడం నువ్వు చూడలేదు. నేను చూశాను.”

ఆమె చెప్పిన దృశ్యం ఇది. తొలకరి పడిన మర్నాడు నల్లరేగడి చేను. ఒంగోలు గిత్తల జత, భుజాల మీద కాడి. మొదటి సాలు వేసేటప్పుడు ఆయన ఎవర్నీ పలకరించనిచ్చేవాడు కాదు. అవతలి గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉండేది. కళ్లు దానిమీదే. ఎడ్ల కాళ్ల వంక చూస్తే సాలు వంకర పోతుందని, వెనక్కి తిరిగి ఎంత దున్నామా అని చూస్తే ఇంకా వంకర పోతుందని ఆయన మాట. ఆ మొదటి సాలు తిన్నగా పడితే మిగతా చేనంతా దాన్ని పట్టుకుని పోతుంది. నాగటి మీద చెయ్యి వేసి వెనక్కి చూడటం గురించి యేసు చెప్పిన మాట ఆదివారం బడిలో చెబుతుంటే, తనకు వాళ్ల నాన్న మెడ వెనక కనిపించే చెమట గుర్తొచ్చేదట.

మేనల్లుడు కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు: “కళ్లు చెట్టు మీద ఉన్నాయి సరే. చేతులు ఎక్కడున్నాయి?”

“మేడి మీద.”

“కర్రుకు రాయి తగిలితే ఎలా తెలిసేది?”

“మేడి అదిరేది. చేతికి తెలిసేది.”

“మరి నేను చెప్పేదీ అదే. నువ్వు చెట్టు గురించి మాట్లాడుతున్నావు, నేను మేడి గురించి. చెట్టు వంక చూస్తూ నిలబడ్డవాడి చేను దున్నబడదు. మందిరం కారుతోంది. వానాకాలం ఆరాధనకు గొడుగులు వేసుకుని కూర్చుంటున్నాం. అది రాయి తగలడం కాదా?”

టీచరమ్మ ఈ మాట ఒప్పుకుంది. కారే కప్పు బాగుచెయ్యాలంది. ఆమె అభ్యంతరం గోపురం మీద, రెట్టింపు మీద. వాటికంటే ముందు ముఖచిత్రం మీద.

“ఆ 2,222 వెనకాల పదిహేను నెలలున్నాయిరా. నీ సంచిక నలభై పేజీల్లో వాటి మాట ఒక్క వాక్యం లేదు.”

*

ఆ పదిహేను నెలల కథ ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులకు తెలిసినదే గానీ, అంకె పక్కన దాన్ని ఎవరూ పెట్టరు. 1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. వానలు లేవు, గింజ లేదు, వెనకాలే కలరా. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. అందరికంటే ముందు ఆకలికి గురైనవాళ్లు పొలం లేని మాదిగలు, మాలలు.

ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం ఉంది. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క ఆయన గుత్తకు తీసుకున్నాడు. ఆయన దగ్గరి బోధకులే మేస్త్రీలయ్యారు. క్రైస్తవులా కాదా అని చూడకుండా వచ్చినవాళ్లకు పని ఇచ్చారు. పగలు మట్టి తవ్వకం. పని ఆగినప్పుడు బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

ఆ జనంలో వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, దాదాపు పదిహేను నెలలు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు. అంతకన్నా ముఖ్యంగా, అన్నం కోసం రానూ కూడదు. 1878 నడిమికి సహాయ నిధులు పంచడం అయిపోయింది. బోధకులను మాత్రమే వెల్లంపల్లికి రమ్మని కబురు పెడితే, వాళ్ల వెంట జనం వచ్చి పడ్డారు. ఇవ్వడానికి తన దగ్గర ఇక డబ్బు లేదని, ఇళ్లకు వెళ్లమని ఆయన చెప్పాడు. సహాయం మాకక్కర్లేదని వాళ్లు చేతులు చూపించారు. కష్టపడి బతికామని చెప్పడానికి అరచేతుల్లో బొబ్బలున్నాయి. ఈసారి కూడా పంట పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగా చచ్చిపోనివ్వమని వాళ్ల మనవి. ఆ తర్వాతే జూలై 3. గుండ్లకమ్మలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు.

“ఇప్పుడు చెప్పు,” అంది టీచరమ్మ. “క్లౌ దొర గురి సంఖ్యే అయితే ఆ పదిహేను నెలలు పండగ. అడిగినవాడికల్లా ఇచ్చి అమెరికాకు ఉత్తరం రాస్తే సరిపోయేది. 1853లో ఈ తెలుగు మిషన్ను మూసేద్దామా అని అక్కడ సభలో చర్చ జరిగింది కూడా. లెక్కలు చూపించాల్సిన అవసరం ఆయనకు మనకన్నా ఎక్కువ. ఆ అవసరం ఉండి కూడా లెక్కను చేతులారా ఆపుకున్నాడు. మనిషి గురి ఏదో నాకు తెలిసేది అతను సాధించినదాన్ని బట్టి కాదు, చేతికందినదాంట్లో దేన్ని కాదనుకున్నాడో దాన్ని బట్టి.”

“నీ కథలోంచే నా జవాబు చెబుతాను,” అన్నాడు మేనల్లుడు. “ఆయన పదిహేను నెలలు ఏం కాదనుకున్నాడో చెప్పావు. ఏం చేశాడో దాటేశావు. కాలువ తవ్వించాడు! బోధకుల చేత బోధన తగ్గించి మట్టి లెక్కలు చూపించాడు. ఆత్మల సంగతి చూడాల్సినవాడికి గుత్తపని ఏమిటని ఆ రోజుల్లో నీలాంటివాళ్లు అడిగి ఉంటే? మెదక్ చూడు. 1914 తర్వాత యుద్ధం, కరువు. జనానికి తిండి లేదు. అక్కడి మిషనరీ పోస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా చర్చి కట్టుబడి పెట్టి కూలీ ఇచ్చాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. ఆ గోపురం 175 అడుగులు. ఎంతమంది కడుపులు నింపింది ఆ గోపురం! గోపురం అనగానే ఆడంబరం అనడం సులువు.”

“మెదక్ గోపురం కడుపులు నింపింది. మీ గోపురం ఎవరి కడుపు నింపుతుంది? కాంట్రాక్టరుదేగా!”

“అది అన్యాయం అత్తా.”

“అన్యాయమే. వెనక్కి తీసుకుంటున్నాను,” అంది ఆమె వెంటనే. “కానీ మెదక్ పక్కన దోర్నకల్ కూడా పెట్టి చూడు.”

దోర్నకల్ అంటే ఆమెకు ప్రత్యేకమైన అభిమానం. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలోని ఆ చిన్న రైల్వే జంక్షన్‌కు వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. బిషప్పుకు కెథెడ్రల్ ఉండాలి. ఆయన కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. అంటే 26 ఏళ్ల తర్వాత. ఇంకో ఆరేళ్లకు, 1945 జనవరి 1న ఆయనే లేడు. ఆ మధ్య కాలమంతా పల్లెపల్లెకూ తిరగడం, పల్లె గురువులకు శిక్షణ, అశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద పోరాటం. చివరికి లేచిన కెథెడ్రల్ కూడా ఇంగ్లండు నమూనా కాదు. గుళ్లోలాంటి స్తంభాలు, మసీదులోలాంటి గుమ్మటాలు కలిపి కట్టించాడు.

“అక్కడ ఆడవాళ్లు ఏం చేసేవారో తెలుసా? వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేవారు. పూట గడవని ఇళ్లలో కూడా. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది. నేను చిన్నప్పుడు మా అమ్మ కూడా అలాగే తీసేది. చేత్తో తీసి, మళ్లీ వేళ్లు కాస్త సడలించి రెండు గింజలు వెనక్కి వదిలేది. అటు పిల్లల ఆకలి, ఇటు దేవుడి వంతు. ఆ రెండు గింజల దగ్గర ఆవిడ చెయ్యి ఆగడం నాకిప్పటికీ కళ్లముందు ఉంది. అజరయ్య గారి సంఘానికి ఆ పిడికిలి వెన్నెముక. కెథెడ్రల్ దాని మీద నెమ్మదిగా పెరిగింది. మీది ముందు గోపురం, తర్వాత పిడికిలి.”

*

మేనల్లుడు లేచి వరండా చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఎండ ముదురుతోంది. వచ్చి కూర్చుని, చందాల లెక్క తియ్యకుండా, ఇంకో కథ ఎత్తుకున్నాడు.

“నువ్వే మాకు ఆదివారం బడిలో ఎరిక్ లిడెల్ కథ చెప్పావు. 1924 పారిస్ ఒలింపిక్స్. వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పోటీనే వదులుకున్నాడు. ఆయన అసలు బలం వంద మీటర్లలో. దాన్ని వదిలి నాలుగొందల మీటర్లు పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. మరుసటి ఏడాదే చైనాకు మిషనరీగా వెళ్లిపోయాడు. కాదనుకోవడం గొప్పదని చెప్పడానికి నీకు ఇష్టమైన కథ.”

“అవును. ఇప్పటికీ ఇష్టమే.”

“రెండో సగం మాకు చెప్పలేదు. యుద్ధంలో జపాను సైన్యం ఆయన్ను మిగతా విదేశీయులతో కలిపి వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఇరుకు, ఆకలి. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు చాలామంది. వాళ్లకు లెక్కలు, సైన్సు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం ఆటలు మాత్రం వద్దన్నాడు. పిల్లలు వినకుండా ఆదివారం హాకీ పెట్టుకున్నారు. రిఫరీ లేక కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం ఆయనే వెళ్లి ఈల పట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం కోసం ఒలింపిక్ పరుగు వదులుకున్న మనిషి, పిల్లల కోసం ఆ ఆదివారం పట్టు వదులుకున్నాడు. 1945 ఫిబ్రవరిలో అక్కడే, మెదడులో గడ్డతో, 43 ఏళ్లకు చనిపోయాడు. ఇప్పుడు నువ్వు చెప్పు, పారిస్‌లో ఆయన గురి సరైనదా, వెయ్‌షియెన్‌లోదా?”

టీచరమ్మ కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుంది.

“రెండుచోట్లా ఒకటే గురిరా.”

“అదే నేననేది! కాదనుకోవడమే గురికి గుర్తు అయితే, కాదనుకోవడాన్నే పట్టుకు వేలాడేవాళ్లు తయారవుతారు. సినిమా చూడను, నగ పెట్టను, ఫలానావాళ్ల ఇంట్లో తినను, ఫలానా సంఘంతో కలవను. మన మధ్య అలాంటివాళ్లు ఎంతమంది! వాళ్ల కళ్లు క్రీస్తు మీద ఉన్నాయంటావా? వాళ్లు వదులుకున్నవాటి మీదే ఉన్నాయి. నాకు గోపురం ఎలాగో వాళ్లకు నిష్ఠ అలాగ.”

ఈ దెబ్బ తగిలింది. టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. క్లౌ నాటి సంగతే ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు ఆ రోజుల్లో పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆ మూడింటికే పల్లెల్లో ఆసాముల చేత దెబ్బలు తిన్నారు. ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకుని నిలబెట్టుకున్న ఆదివారం, ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కవాడి చొక్కా వంక చూసే రోజైపోయిందని ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఆ మాటే అంది.

“నువ్వన్నది నిజం. వదులుకున్నది ఎవరి కోసమో అది కూడా చూడాలి. క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తలో ఇంకోటి జరిగింది. పట్నంలోని బ్రాహ్మణ పెద్దలు ఆయన్ను ఆదరించారు, వాళ్ల పిల్లలకు బడి పెట్టించారు. ఇటు తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు రావడం మొదలుపెట్టారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దలు చెప్పేశారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. దేవుడు పిలిచింది గొప్పవాళ్లను, జ్ఞానులను కాదనే చోటు. ఆయన బడిని పోనిచ్చి పేరయ్య మనుషుల్ని ఉంచుకున్నాడు. పోనిచ్చాడు సరే, ఎవరి కోసం? గుమ్మంలో నిలబడ్డవాళ్ల కోసం. అదీ నేను చెప్పాల్సింది. సగమే చెప్పాను.”

“గుమ్మంలో నిలబడ్డవాళ్ల సంగతే అయితే విను,” అన్నాడు మేనల్లుడు. గొంతు మారింది. “మన కుర్రవాళ్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు ఇచ్చారు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మనకు లేదు. క్రైస్తవుడని రాసుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. ఊళ్లో వాడిని చూసే చూపు మాత్రం వాళ్ల తాతను చూసిన చూపే. ఆదివారం గిటారు వాయించే పిల్లాడు సోమవారం దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర చెయ్యి ఆపుతాడు. వాడికి నువ్వు గురి తప్పకు నాయనా అని చెబితే, వాడేం చెయ్యాలి? గురి గురించి మాట్లాడటం పెన్షన్ వచ్చేవాళ్లకు, నెల జీతం వచ్చేవాళ్లకు సులువు. నాకూ నీకూ.”

గోడమీద గడియారం చప్పుడు వినపడేంత నిశ్శబ్దం.

“ముప్పై ఏళ్లు ఆ గడిని నా చేత్తో చూశాను,” అంది ఆమె మెల్లగా. “అడ్మిషన్ల రోజున తల్లులు బల్ల దగ్గరికి వచ్చి, ఏం రాయమంటారమ్మా అని నా మొహంలోకి చూసేవాళ్లు. అబద్ధం రాయమనలేక, నిజం రాసి పిల్లాడి నోటి దగ్గరి కూడు తియ్యలేక ఎన్నిసార్లు కలం పక్కన పెట్టానో. ఆ పిల్లాడికి ఇలా రాయి, అలా రాయి అని చెప్పే అర్హత నాకు లేదు. వాడిమీద రాయి వెయ్యను. వెయ్యనివ్వను కూడా.”

కాసేపాగి చిత్తుప్రతి చేతిలోకి తీసుకుంది.

“కానీ ఒకటి చూపించు. నువ్వు ఇంత బాధపడి చెప్పిన ఆ కుర్రాడు ఈ కాగితంలో ఎక్కడున్నాడు? ఐదేళ్ల ప్రణాళిక అన్నారు. గోపురం ఉంది. పాలరాయి పలక ఉంది. దాతల పేర్లు చెక్కించే గోడ ఉంది. ఆ గడి దగ్గర చెయ్యి ఆగినవాడికి ఫీజు కట్టే మాట ఎక్కడుంది? ఏ పేజీ?”

మేనల్లుడు పేజీలు తిప్పాడు. తనే రాసిన కాగితం, తనే టైపు చేయించిన కాగితం. ఆ మాట లేదని తిప్పకముందే తెలుసు. అయినా చివరిదాకా తిప్పాడు.

“కమిటీలో ఎవరూ లేవదియ్యలేదు,” అన్నాడు.

“నువ్వు?”

“నేనూ లేవదియ్యలేదు.”

*

చాలాసేపు సాగిన వాదన అక్కడ ఆగినట్టే ఆగి, ఇంకో దారి పట్టింది. గోపురం మానెయ్యమని టీచరమ్మ అడగలేదు. మానేస్తానని మేనల్లుడూ అనలేదు. గోపురం ఒక వాగ్దానం, దానికోసం ఇప్పటికే కొందరు తాళిబొట్టు గొలుసు కుదువపెట్టి మరీ చందా ఇచ్చారు, వాళ్లకేం చెప్పాలని అతని ప్రశ్న. ఆ ఇచ్చినవాళ్ల పిల్లలే ఆ గడి దగ్గర నిలబడ్డారు కదా, వాళ్లనే అడిగి చూడమని ఆమె సూచన. అడిగితే గోపురమే కావాలంటారని అతను. అనవచ్చు, అయినా అడిగావా అని ఆమె.

సభ్యత్వం రెట్టింపు అన్న వాక్యం దగ్గర మాత్రం అతనే పెన్ను అందుకున్నాడు. కొట్టెయ్యలేదు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. “కమిటీ ముందు పెట్టాలి. నా ఒక్కడి సంతకంతో పోదు,” అన్నాడు. బ్యాంకు మనిషి.

“ముఖచిత్రం?”

“అంకె తియ్యను అత్తా. అది మనది. మన ముత్తాతల అంకె. దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. లోపల మొదటి పేజీలో ఆ పదిహేను నెలల కథ నువ్వు రాసివ్వు. వేస్తాను.”

“లోపల వేస్తే ఎవరు చదువుతారు? ముఖచిత్రం అందరూ చూస్తారు.”

“అయితే ముఖచిత్రం మీద ఆ పదిహేను నెలల్ని ఎలా చూపిస్తావు? ఇవ్వని బాప్తిస్మానికి బొమ్మ గీయగలవా?”

ఆమె దగ్గర జవాబు లేదు. ఇద్దరూ ఆ బంగారు అంకె వంక చూస్తూ కూర్చున్నారు.

పదకొండు కావస్తోంది. వీధిలో మాటలు వినిపించాయి. పని దిగి ఆడవాళ్లు వస్తున్నారు. చెరువు పూడిక తీసే పని. కాగితాల మీద దాని పేరు ఉపాధి హామీ, ఊళ్లలో మాత్రం దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. తలకు తువ్వాళ్లు చుట్టుకుని, భుజాన పారలు, చంకలో ఖాళీ తట్టలు. అందులో సగం మంది రేపు పొద్దున మందిరంలో చాప మీద ముందు వరసలో కూర్చునేవాళ్లే. ఒకావిడ గేటు దగ్గర ఆగి, “టీచరమ్మా, కాసిని మంచినీళ్లు,” అంది. ఆవిడ కొడుకే గిటారు వాయించేది.

మేనల్లుడు కాగితం మీది చెంబు తీసుకుని తనే వెళ్లాడు. ఆవిడ దోసిలి పట్టింది. నీళ్లు పోస్తూ అతను ఆ దోసిలి వంకే చూస్తున్నాడు. వేళ్ల మొదళ్ల దగ్గర వరసగా నాలుగు బొబ్బలు, ఒకటి చితికి ఎర్రగా ఉంది. నీళ్లు మోచేతుల మీదుగా కారిపోతున్నాయి. వరండాలో గాలికి ముఖచిత్రం కాగితం లేచింది. టీచరమ్మ దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని అటే చూస్తోంది.

ఆవిడ తాగడం అయిపోయాక అతను జేబులోంచి ఫోను తీశాడు.

“అక్కా, నీ చేతులు ఒక్క ఫోటో తీసుకోనా? సంచిక మీద వేస్తాం.”

ఆవిడ చప్పున చేతులు వెనక్కి లాక్కుంది. మట్టి అంటిన చీర చెంగుకు తుడుచుకుంటూ, వరండాలోని టీచరమ్మ వైపు చూసింది.

“ఉండు బాబూ,” అంది, “కడుక్కోనీ ముందు.”